నిన్న రేడియో విన్నారా

ఉప్పల్‌లో అద్దెకు దిగిన కొన్నాళ్ళకు నాకు సర్వే ఉద్యోగం దొరికింది. అప్పుడప్పుడే హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి మొదలవుతున్నాయి. ఏ స్టేషన్‌ను ఎవరు వింటున్నారో ఎవరైనా తేల్చి చెబితే తప్ప ప్రకటనలు ఇచ్చేవాళ్ళు కదలరు. ఆ తేల్చే పని ఒక రీసెర్చ్ కంపెనీ తీసుకుంది. ఇంటింటికీ తిరిగి అడిగే పని మాలాంటి ఆడవాళ్ళకు వచ్చింది. మధ్యాహ్నం పూట మగవాళ్ళు వెళితే ఎవరూ తలుపు తీయరని మమ్మల్ని పెట్టుకున్నారు.

మాది కృష్ణా జిల్లా. మా ఆయన నాచారంలో ఒక మందుల గోడౌన్‌లో గుమాస్తా. నేను డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. రేడియో అంటే ఇష్టం కాబట్టి ఈ పని ఇంకా ఇష్టంగా ఉంటుందనుకున్నాను. రేడియోకూ ఈ పనికీ సంబంధం చాలా తక్కువని వారం తిరక్కుండానే తెలిసింది. మెట్లు ఎక్కడం, దిగడం, కుక్కల్ని అదిలించడం, మంచినీళ్ళు అడగడం, ఇదీ పని. చేతిలో ఒక అట్ట ఉండేది. దాని మీద స్టేషన్ల గుర్తులు రంగుల్లో అచ్చు వేసి ఉండేవి. "నిన్న రేడియో విన్నారా?" అన్నది మొదటి ప్రశ్న. విన్నామంటే ఏది, ఎక్కడ, ఎంతసేపు అని అడగాలి. లేదంటే నమస్కారం పెట్టి పక్కింటికి వెళ్ళాలి.

జనం మమ్మల్ని రకరకాలుగా అనుకునేవారు. కొందరు సబ్బులు అమ్మేవాళ్ళమనుకుని గేటు దగ్గరే చెయ్యి ఊపేసేవారు. కొందరు ఓటరు కార్డుల వాళ్ళమనుకుని ఇంట్లో వాళ్ళందరి పేర్లూ చెప్పేవారు. ఒక పెద్దాయన రేడియో అంటే టీవీ చానెళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పి, "రాసుకున్నారా?" అని రెండుసార్లు అడిగాడు. రామంతాపూర్ సందుల్లో ఒకావిడ మా మొహాలు చూసి జాలిపడి, "మీకు ఏది కావాలో అదే రాసుకోండమ్మా, ఎండలో తిరగకండి" అంది.

నాకు జోడీగా వేసినామెది జనగామ వైపు. నాచారంలో ఉండేది. నాకన్నా కొంచెం పెద్దది. మొదటి రోజే నన్ను "చెల్లె" అంది. నేను "అక్కా" అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఒకర్నొకరు ఇంకోలా పిలుచుకున్నది లేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పి ఉండేది. అందుకని ఎక్కడ గడప కనిపిస్తే అక్కడ కూర్చునేది. ఇంటివాళ్ళు ఏమనుకుంటారోనని నేను ఇబ్బంది పడేదాన్ని. వాళ్ళేమో ఆమె కూర్చున్నాకే మాట్లాడడం మొదలుపెట్టేవాళ్ళు.

ఒక ఆదివారం నాచారం పారిశ్రామికవాడ వెనకాల ఒంటి గదుల వరసలో తిరుగుతున్నాం. ఒకామె వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుందట. అడిగితే, "మా ఇంట్ల రేడియో లేదమ్మా. ఇనలేదు" అంది. నేను అట్ట సర్దుకుని కదలబోయాను. అక్క మాత్రం గడప మీద కూర్చుని చెప్పు విప్పి పాదం నొక్కుకుంటోంది. ఆమె మళ్ళీ ఉతుకుడులో పడి, ఒక చీరల దుకాణం వాళ్ళ ప్రకటన పాట సన్నగా పాడుకుంటోంది. ఆ పాట ఒకే ఒక్క స్టేషన్‌లో వచ్చేది.

"గీ పాట ఏడ ఇన్నవే?" అంది అక్క.

"కంపెనీల. పొద్దంత అదే మోగుతది. నెత్తి నొస్తది."

"మరి రేడియో ఇనలేదంటివి?"

ఆమె ఉతకడం ఆపి, అర్థం కానట్టు చూసింది. "నేను ఇంటలేనక్కా. అది మోగుతది."

తిరిగి వస్తుంటే ఆ మాట నన్ను వదల్లేదు. ఆ కంపెనీ ఒక్కదానిలోనే హాలు నిండా ఆడవాళ్ళు కుట్టు మిషన్ల ముందు కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ స్టేషన్‌నే వింటున్నారు. మా లెక్కలో వాళ్ళెవరూ రేడియో వినరు. మర్నాడు మా ఫీల్డు మేనేజరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పైవాళ్ళకూ మాకూ మధ్య నలిగిపోయే మనిషి. "పద్ధతి ముంబైలో తయారైందమ్మా. విన్నామని నోటితో చెబితేనే విన్నట్టు" అన్నాడు. "అయినా వాళ్ళు ఆ దుకాణంలో చీరలు కొంటారా?" అని కూడా అన్నాడు. అక్క బయటికొచ్చాక, "నేను అండ్లనే కొన్న పోయిన బతుకమ్మకు" అంది.

కొన్నాళ్ళకు ఒక స్టేషన్ వాళ్ళే సొంతంగా చిన్న రీసెర్చ్ గది పెట్టుకుని మా ఇద్దర్నీ తీసుకున్నారు. ఎండ తప్పిందని సంతోషపడ్డాం. రెండు బస్సులు మారి ఊరికి అటు చివర ఉన్న ఆఫీసుకు వెళ్ళడం, సాయంత్రం బస్సులో నిలబడి ఉప్పల్ రింగ్ రోడ్డు చేరడం, అది వేరే అలసట. పని ఫోన్ల మీద. వినేవాళ్ళకు ఫోన్ చేసి పాటల ముక్కలు వినిపించాలి. ఒక్కో ముక్క కొన్ని క్షణాలే ఉంటుంది. పాటలో అందరికీ గుర్తుండే చోటు కోసి పెడతారు. వినిపించి, ఇష్టమా, పర్వాలేదా, విసుగొచ్చిందా అని అడగాలి. విసుగొచ్చిన పాటను స్టేషన్ వాళ్ళు తీసేస్తారు.

రోజంతా ఆ ముక్కలే వినీ వినీ నాకు పాటలకు మొదలూ చివరా లేకుండా పోయాయి. పెళ్ళిళ్ళలో పాట పెడితే ఆ ముక్క కోసం ఎదురు చూసేదాన్ని. అది అయిపోగానే ఎవరినో ఏదో అడగాలన్నట్టు ఉండేది. ఒకప్పుడు మా ఇంట్లో వంట చేస్తూ పాడుకునేదాన్ని. ఎప్పుడు మానేశానో నాకు తెలియదు. మా ఆయనే ఒక రోజు అడిగారు, "ఏంటి, ఈ మధ్య పాడటం లేదు?" అని. గొంతు బాగాలేదన్నాను.

అప్పటికే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్‌ల రోజుల్లో బస్సులు ఉండేవి కావు. హబ్సిగూడ దాకా ఎవరి బండి మీదో వచ్చి, అక్కణ్ణుంచి నడిచేవాళ్ళం. ఫోన్లో నా మాట వినగానే ఒకాయన, "మీరు ఆంధ్రోళ్ళా?" అని అడిగాడు. కోపంగా కాదు, ఊరికే తెలుసుకోవాలన్నట్టు. అవునండీ అన్నాను. ఆయన, "సరే, పెట్టున్రి పాట" అన్నాడు. అలాంటివి రెండు మూడు జరిగాక, ఎవరూ చెప్పకుండానే అక్క మాట్లాడడం, నేను నంబర్లు కలిపి పాటలు వినిపించడం అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటూ అడిగేశాను. "రాష్ట్రం వస్తే మేం వెళ్ళిపోవాల్సిందేనా అక్కా?"

"నిన్నెవలు పొమ్మన్నరు? నువ్వు పోతే నాకీ ఫోన్లెవలు కలుపుతరు?" అంది. కాసేపటికి తనే, "కొలువులల్ల మా పోరగాండ్లకు అన్యాయమైతున్నది చెల్లె. అది నువ్వు జేసింది కాదు. కానీ అయితున్నది మాత్రం నిజం" అంది. నేను తల ఊపాను. ఆమె నా డబ్బాలో పచ్చడి తన అన్నంలో వేసుకుంది. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. రాలేదంటే తీరిపోయిందని కాదు. ఇద్దరం అలసిపోయి ఉన్నాం, అంతే.

మా స్టేషన్‌లో ఒక అనౌన్సరు ఉండేవాడు. పాలకుర్తి దగ్గర పల్లెటూరు వాళ్ళది. రేడియోలో మాత్రం విజయవాడ కాలేజీ కుర్రాడిలా మాట్లాడేవాడు. ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు నెలలపాటు కూర్చోబెట్టి ఆ మాట నేర్పించారు. మైకు ముందు నుంచి లేచి మా గదిలోకి టీకి వస్తే చాలు, "ఏమక్కా, ఏం సంగతి?" అని సొంత మాటలోకి దిగిపోయేవాడు. ఊళ్ళో పరిస్థితి చూసి మా రీసెర్చ్ హెడ్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఇతన్ని తెలంగాణ మాటలోనే మాట్లాడిస్తే ఎలా ఉంటుంది? ముందు కొందరికి వినిపించి చూద్దామన్నారు.

నాచారంలో ఒక ప్రైవేటు బడిలో ఆదివారం పూట తరగతి గది మాట్లాడాం. అక్క వెళ్ళి ఆ బట్టల కంపెనీ ఆడవాళ్ళను కొందర్ని పిలుచుకొచ్చింది. "అది మోగుతది" అన్నామె కూడా వచ్చింది. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు మునగదీసుకుని కూర్చున్నారు. అనౌన్సరు బయట వరండాలో కిటికీ పక్కన కూర్చున్నాడు. లోపలి మాటలు వినాలి గాని లోపలికి రాకూడదు. మనిషి ఎదురుగా ఉంటే జనం మొహమాటానికి మెచ్చుకుంటారని అలా పెడతారు.

మొదట అతను ఎప్పటిలా మాట్లాడింది వినిపించాను. బాగుందన్నారు. తర్వాత రెండోది పెట్టాను. పొద్దున్నే ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడ్డ సంగతి తన సొంత మాటలో చెప్పాడు. నాకు చాలా బాగుందనిపించింది. వాళ్ళేమో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"మంచిగ లేదా?" అని అక్క అడిగింది.

బట్టలు ఉతుకుతూ పాడినామే అంది, "ఎక్కిరిస్తుండు."

"ఎవర్ని?"

"మమ్ములనే. సినిమాలల్ల జేస్తరు గదా, గట్ల. తాగుబోతోడు వస్తే గిట్ల మాట్లాడుతడు. దొంగోడు వస్తే గిట్ల మాట్లాడుతడు. ఇప్పుడు రేడియోల గూడ షురూ జేసిన్రా?"

మిగతావాళ్ళు అవునన్నట్టు తలలు ఊపారు.  ఇంతలో తలుపు తీసుకుని అనౌన్సరు లోపలికి వచ్చేశాడు. నల్లబల్ల దగ్గర నిలబడ్డాడు. మొహం ఎర్రగా అయిపోయింది.

"నేను ఎక్కిరిస్తలేనక్కా. మా ఇంట్ల గిట్లనే మాట్లాడుతం."

గొంతు గుర్తుపట్టి వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆమె మాత్రం అతన్ని పైనుంచి కిందికి చూసి, "నీదే ఊరు?" అని అడిగింది. చెప్పాడు. "మీ బాపు ఏం జేస్తడు?" "తాళ్ళెక్కుతడు, కల్లు గీస్తడు." "అమ్మ?" "కూలికి పోతది." ఇంకా ఏవేవో అడిగింది. ఆ పక్క ఊళ్ళో ఆమె మేనత్త ఉందట. ఆ ఇల్లు ఎక్కడో అతను చెప్పగలిగాడు. అప్పుడు ఆమెకు నమ్మకం కుదిరింది. కుదిరాక మరో ప్రశ్న వేసింది.

"మరి ఇన్నొద్దులు రేడియోల గట్లెందుకు మాట్లాడినవ్ తమ్మీ?"

అతను నేలచూపులు చూశాడు. "కొలువు గదక్కా."

ఎవరూ నవ్వలేదు. ఆమె బెంచీ మీద సర్దుకుని కూర్చుని, "నాకు గూడ సూపర్‌వైజర్ ముంగట నోరు తిరుగది" అంది.

రీసెర్చ్ హెడ్‌కు కోపం వచ్చింది. మనిషి లోపలికి రావడంతో పరీక్ష పాడైందన్నారు. నిజమే. పద్ధతి ప్రకారం దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నేను రిపోర్టులో జరిగింది జరిగినట్టే రాశాను. పైవాళ్ళు అది చదివారో లేదో నాకు తెలియదు. ఇంకో స్టేషన్ వాళ్ళు అలాంటిదే మొదలుపెడుతున్నారన్న కబురు వచ్చింది. దాంతో మావాళ్ళు ఆ వారంలోనే అతనికి మధ్యాహ్నం ఒక గంట ఇచ్చారు.

ఆ గంట నడిచిన కాలమే నా ఉద్యోగంలో మంచి కాలం. అతను పారిశ్రామికవాడలో కంపెనీల పేర్లు చెప్పకుండానే, "దారాలోళ్ళు, బిస్కెట్లోళ్ళు, సీసాలోళ్ళు, బువ్వ తిన్నరా?" అని పలకరించేవాడు. ఆ పలకరింపు కోసం ఆ ఆడవాళ్ళు అన్నం డబ్బాలు తెరవకుండా కూర్చునేవారని అక్క చెప్పేది. మధ్యాహ్నం స్టేషన్‌కు వచ్చే ఆ ఆడవాళ్ళ ఫోన్లు తీయడంతోనే మాకు తీరిక ఉండేది కాదు. వాళ్ళు పాట అడిగేవాళ్ళు కాదు. జ్వరం వచ్చిన పిల్లవాడి సంగతో, ఊళ్ళో పడని వానల సంగతో చెప్పి పెట్టేసేవారు. నా గొంతు విని కూడా, "ఏమ్మా, తిన్నవా?" అని అడిగేవారు.

తర్వాత మెల్లగా ఫోన్లు తగ్గాయి. ఏ రోజు నుంచి అంటే చెప్పలేను. ఒక వారం గమనించాం, తర్వాతి వారం మాట్లాడుకున్నాం, ఆ పై వారం పైవాళ్ళు అడిగారు. చూసి రమ్మని మమ్మల్ని ఆ బట్టల కంపెనీకి పంపారు. అప్పటికి మెట్రో కోసం ఉప్పల్ అంతా తవ్వి పెట్టారు. దుమ్ములో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళాం.

హాల్లో గోడ మీద స్పీకరు ఉంది. మోగడం లేదు. మిషన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళందరి కొంగుల కిందినుంచి సన్నటి వైరు చెవిలోకి పోతోంది. "అది మోగుతది" అన్నామె నన్ను చూసి నవ్వి, ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది. జానపద పాట. నాచారం చౌరస్తాలో సెల్‌ఫోన్ల దుకాణంలో మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నదట.

"స్పీకరు మీ సారు బంద్ చేయించాడా?" అన్నాను.

"మేమే బంద్ జెయ్యమన్నం. ఎవరిది వాళ్ళకు మంచిగున్నది."

"మరి తమ్ముడు మాట్లాడే గంట?"

ఆమెకు ఇబ్బందిగా అనిపించింది. "మంచిగనే మాట్లాడుతడమ్మా. కానీ మధ్యల అడ్వటైజులు మస్తు. వాడు నాలుగు మాటలు చెప్పేలోపు ఐదు అమ్ముతరు. మాకున్నదే గంతసేపు." ఇయర్‌ఫోన్ మళ్ళీ తన చెవిలో పెట్టుకుంటూ, "నారాజ్ గాకు. తమ్ముణ్ణి అడిగిన్నని చెప్పు" అంది.

ప్రకటనలు ఎక్కువైంది ఆ గంట బాగా నడిచినందువల్లే. అది ఆమెకు చెప్పి ఏం లాభం అని ఊరుకున్నాను.

కొంతకాలానికి ముంబై నుంచి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. తెలుగువాడే, బాగా చదువుకున్నాడు, మర్యాదస్తుడు. స్టేషన్‌ను ఇక ఫోన్లో యాప్‌లో కూడా వినొచ్చు, ఎవరు ఏ పాట దగ్గర ఆపేశారో అదే చెబుతుంది అని గోడ మీద గీతలు చూపించాడు. "ఇక ఎవరినీ అడగనక్కర్లేదండీ. జనాన్ని విసిగించనక్కర్లేదు" అన్నాడు.

అక్క చెయ్యెత్తి అడిగింది. "ఆ కంపెనీలోళ్ళ ఫోన్లల్ల ఇంటర్నెట్ లేదు సార్. వాళ్ళెట్ల ఎరుకైతరు?"

"వస్తుందండీ. నిదానంగా వాళ్ళకూ వస్తుంది" అన్నాడు. అతను అన్నట్టే వచ్చింది. కాని అప్పటికి అడిగే గదీ లేదు, ఆ గంటా లేదు. పాటల వరస ముంబైలో కంప్యూటరు కట్టి పంపడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం గంట ఎత్తేశారు. అనౌన్సరు చివరి రోజు మా గదిలో కూర్చుని మా డబ్బాల్లోనే తిన్నాడు. "ఫికర్ లేదక్కా, నేనే ఫోన్ల రికార్డు చేసి నెట్ల పెడ్త" అన్నాడు. పెట్టాడు కూడా. కొన్ని విన్నాను. బాగున్నాయి. ఒంటరిగా మాట్లాడుతున్నట్టు ఉన్నాయి.

రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ చౌరస్తా అంతా గులాబీ రంగు గులాల్. పక్కింటివాళ్ళు మాకు స్వీట్లు ఇచ్చారు, తీసుకున్నాం. పొద్దున్నే రేడియో పెడితే మా స్టేషన్ మొత్తం తెలంగాణ మాటలోనే మాట్లాడుతోంది. ప్రకటనలు కూడా. ఒక సెల్‌ఫోన్ ప్రకటనలో మాట కాస్త అతికించినట్టు ఉంది. "గిట్ల" అన్న చోట ఒత్తు ఎక్కువైంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. మా ఆంధ్రా వైపు నుంచి వచ్చినవాడే. అతను చెడ్డగా చేశాడని కాదు. అతనికీ అది కొలువే. కాని ఆ బడి గదిలో నిలబడ్డ కుర్రాడు గుర్తొచ్చి రేడియో కట్టేశాను.

మా గది ఆ వానాకాలంలో మూసేశారు. నన్ను ఇంకో విభాగంలో కొన్నాళ్ళు ఉంచి, తర్వాత వద్దన్నారు. అక్క అదే బట్టల కంపెనీలో చేరింది, మడతలు పెట్టి ప్యాకింగ్ చేసే చోట.

ఒకసారి ఉప్పల్‌లో కనిపించింది. మెట్రో స్తంభాల పని వల్ల బస్సులు ఎక్కడ ఆగుతాయో ఎవరికీ తెలియడం లేదు. అందరూ అటూ ఇటూ పరుగెడుతున్నారు. ఆమె సన్నబడింది.

"ఎట్లున్నవ్ చెల్లె? కొలువు దొరికిందా?"

"ఇంకా లేదక్కా. చూస్తున్నాను. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నిలబడే పని గదా. గట్లనే ఉన్నయ్."

రోడ్డు పక్కన సిమెంటు దిమ్మె ఒకటి పడి ఉంటే దాని మీద కూర్చుంది. నన్నూ కూర్చోమని జరిగింది. నేనూ కూర్చున్నాను. దుమ్ము, హారన్లు. నాచారం బస్సు దూరంగా ఆగింది. ఆమె పరుగెత్తలేదు. "ఇంకోటి వస్తది తియ్" అంది. వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం.